వీధి అంగడి – పేదవాని ప్రసాదము



 

ప్రసాదమును గూర్చి మనము తరచుగా వినుచుందుము. అష్టావరణములలో దానికి గల స్థానము మీరెల్లరు ఎరిగినదే. లింగార్పితము కాని ముద్దను నోటబెట్టరాదని పెద్దలు చెప్పిరి. అర్పించు పదార్థము శుద్ధమా, న్యాయార్జితమా యని ముందుగా విచారించుకొనుమనియు చెప్పిరి. కాని ఆ పదార్థము మన పళ్ళెములోనికి ఏ అంగడి నుండి వచ్చినది? ఆ అంగడిలో అదియే యెందుకు దొరకినది, వేరొకటి యెందుకు దొరకలేదు? ఈ ప్రశ్నను మన పీఠములపై కూర్చుండి ఉపన్యసించువారు వేయుట అరుదు. ఇది లౌకిక విషయము కదా యని కొందరు అనవచ్చును. కాయకమును కైలాసముతో సమముగా ఎంచిన శరణుల వారసులకు తక్కెడయు, గల్లాపెట్టెయు, బియ్యపు బస్తాయు లౌకికములు ఎట్లగును?

మాదర చెన్నయ్య గాథ మనకు పసితనము నుండి పరిచితమే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దానిని తెలుగువారికి అందించినాడు. చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చు చెన్నయ్య ఎవ్వరికిని తెలియకుండ శివునికి అంబలి అర్పించుచుండెడివాడు. ఆ అంబలి రుచి మరిగిన శివుడు రాజుగారి నైవేద్యమును ముట్టలేదు. బసవేశ్వరుడు అట్టి చెన్నయ్యను తండ్రి వరుసగా చెప్పుకొన్నాడు. ఈ గాథను మనము భక్తి మహిమకు దృష్టాంతముగా చెప్పుకొందుము, సరియే. అయితే అందులో ఒక చిన్న సంగతి దాగియున్నది. అంబలికి కావలసిన పిండి చెన్నయ్య గుడిసెలో ఉండినది. నేడు చెన్నయ్య వంటి కూలివాడొకడు అంబలి కాచి పెట్టదలచినచో ఆ పిండి ఎక్కడ తెచ్చును? వీధి చివర కొట్టులో జొన్నపిండి లేదు. రేషను దుకాణమున జొన్నలు లేవు. పట్టణములోని పెద్ద అంగడిలో రంగురంగుల సంచులలో ఉన్నవి గాని వాటి ధర కూలివాని చేతికి అందునది కాదు. ఒకనాడు బీదల తిండియని చిన్నచూపు చూడబడిన కొర్రలు, సామలు, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించు నాటికి కలవారి ఇంటి పథ్యములైనవి!

ఇట్లెట్లు జరిగినదో చూతము. జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు సీమలలో మన సమాజమువారు తరతరములుగా సేద్యమును, వర్తకమును చేయుచున్నారు. బసవకల్యాణము అక్కడికి ఒక పూట ప్రయాణము. అది వానపై ఆధారపడిన నేల. నల్లరేగడిలో జొన్న, శనగ. ఎర్రచెలకలో సజ్జ, కొర్ర, కంది, పెసర. బీదవాని ఇంట వరియన్నము పండుగనాడు, పెండ్లినాడు మాత్రమే. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట మొదలిడినది. ఆకలితో పడుకొను గుడిసెలలో పొయ్యి వెలిగినది. ఆ పథకమును తూలనాడుట కృతఘ్నత. కడుపు నిండినవాడు చేయు విమర్శ అది. కాని ఏ వస్తువు చౌకగా, చేరువగా, నెలనెలా తప్పక దొరకునో అదియే ఇంటి వంటగా మారుట లోకసహజము. జొన్నలు కొనువారు తగ్గిరి. కొనువారు తగ్గుటచే వర్తకుడు నిలువ చేయుట మానెను. నిలువ చేయువాడు లేకపోవుటచే రైతు విత్తుట తగ్గించెను. కొన్ని చెలకలు పడావు పడినవి. మరికొన్నింట చెరకు, పత్తి వచ్చినవి. ఎవరును కుట్ర పన్నలేదు. ఒక అంగడిలోని ఒక అర నిండుటచే ఊరి పంటయు, ఊరి పళ్ళెమును మారిపోయినవి.

నేటి లెక్కను కొంచెము వివరముగా చూడుడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము అర్హులైన కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము లభించును. 2023 జనవరి నుండి అది ఉచితము. తెలంగాణములో మనిషికి 6 కిలోలు. 2025 ఉగాది మొదలు అది సన్నబియ్యము. దొడ్డుబియ్యమును అమ్ముకొనుచుండిన ఇండ్లవారు సైతము ఇప్పుడు వండుకొని తినుచున్నారు, సంతోషము. 6 కిలోలనగా దినమునకు 200 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు సూచించిన నమూనా పళ్ళెములో ఒక మనిషికి దినమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కలవు. ధాన్యములో అయిదింట నాలుగు పాళ్ళు రేషను దుకాణమే తీర్చుచున్నది. తక్కినవో? నలుగురున్న ఇంటికి నెలకు 10 కిలోల పప్పు కావలెను. కందిపప్పు కిలో నూరు రూపాయలకు పైబడిన దినములలో కూలి చేసికొను తల్లి 10 కిలోలు కొనగలదా? రెండు కిలోలు తెచ్చి, నీళ్ళచారులో కలిపి, నెల గడుపును. అన్నము పెరుగును, దానిపై పోసినది పలుచనగును.

మాంసము, గ్రుడ్డు ముట్టని బీద వీరశైవ గృహమునకు ఇది మరింత బరువైన మాట. పప్పు, పాలు తప్ప ఆ ఇంటి బిడ్డకు కండబలమునకు వేరు ఆధారము లేదు. ఆచారమును పాటింపుమని చెప్పు మనము, ఆ ఆచారముతో బ్రతుకుటకు కావలసిన పప్పు ఆ ఇంటికి అందుచున్నదా యని అడిగితిమా? తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినదని మన వర్తకులు గర్వముగా చెప్పుదురు, గర్వింపదగినదే. ఆ కందిచేనిలో కోత కోసిన ఆమె ఇంట పప్పు ఉడుకుచున్నదా యను ప్రశ్నయు దాని వెంటనే ఉన్నది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. అయిదేండ్లలోపు పసిబిడ్డలలో నూటికి 70 మంది. ఆంధ్రప్రదేశ్ లెక్కలును దీనికి దూరము కావు. నూరు గ్రాముల జొన్నలో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము కలదు. మరపట్టిన తెల్లబియ్యములో ఒక మిల్లీగ్రామైనను లేదు. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు కలదు. బియ్యములో పది మిల్లీగ్రాములకు అటు ఇటు. అయితే జొన్నలోని ఇనుమంతయు రక్తమున చేరదు; ఆకుకూర, పప్పు, నిమ్మ, ఉసిరి వంటివి తోడు కావలెను. కనుక చిరుధాన్యమే సర్వరోగ నివారిణి యని నేడు మ్రోగుచున్న ప్రచారమును నేను నమ్మను. కావలసినది పళ్ళెములో నాలుగు విధముల పదార్థము. అదియే బీదవానికి చేరువలో లేనిది.

చేరువ యనగా ఏమి? మొదటిది కాలినడక దూరము. తండాలో, మారుమూల పల్లెలో ఉన్నదొకటే కిరాణా కొట్టు. కూరగాయలకు వారమునకొకసారి జరుగు సంతయే దిక్కు. సంతనాడు తెచ్చిన తోటకూర ఆ రాత్రికి, మరునాటికి. మూడవనాటికి టమాట, వంకాయ. అయిదవనాటి నుండి చింతపండు పులుసు, పచ్చడి మెతుకులు. ఆ ఇంట శీతల యంత్రము లేదు. వారమునకు సరిపడ ఒకేసారి కొనుటకు పైకమును లేదు. కూలి ఏనాటికానాడు వచ్చును. కొనుగోలును ఏనాటికానాడే జరుగును. నూనె చిన్న పొట్లము, పప్పు పావుకిలో, చక్కెర పది రూపాయలకు. ఇట్లు కొనునపుడు కిలో ధర ఎంత పడుచున్నదో లెక్కించినచో, బస్తా కొను ధనికుని కంటె కూలివాడే ఎక్కువ ధర చెల్లించుచున్నాడు! అతడు వేరొక అంగడికి పోలేడు, ఏలయన ఖాతా పుస్తకము ఇక్కడున్నది. పాత బాకీ తీరక వేరొక గడప తొక్కలేడు. కనుక ఆ కొట్టులో ఏది వ్రేలాడుచున్నదో అదియే అతని భోజనము.

ఆ కొట్టు ముందు వ్రేలాడునవి ఏమి? అయిదు రూపాయల చిప్సు పొట్లములు, బిస్కట్లు, రంగునీళ్ళ సీసాలు. కొట్టువానిని నిందించుటకు ముందు ఆతని లెక్కయు వినవలెను. పొట్లములను కంపెనీ బండి గడప ముందుకే తెచ్చి దించును, నెలలకొలది చెడవు, లాభము నిశ్చయము. ఆకుకూర సాయంకాలమునకు వాడును. కందిపప్పు నిలువ చేయుటకు పెట్టుబడి కావలెను, పురుగు పట్టును. కనుక చెడనిది ముందునకు వచ్చినది, చెడునది అరనుండి తొలగినది. కూలి నుండి వచ్చిన తల్లి చేతిలో పది రూపాయలున్నవి, బిడ్డ ఏడ్చుచున్నాడు. ఆ పది రూపాయలకు ఆ వీధిలో దొరకునది పొట్లమొక్కటే.

దూరము తగ్గించినంత మాత్రమున సర్వము చక్కబడునా? ఆంధ్రప్రదేశములో 2021 జనవరి నుండి రేషను బియ్యమును బండ్లపై ఇంటి ముంగిటికి తెచ్చిరి. 2025 జూన్ నుండి తిరిగి దుకాణములకే మరలించిరి. బండి గడపకు వచ్చినను, అందులో ప్రధానముగా ఉండినది బియ్యమే. పళ్ళెములో దానివలన క్రొత్తగా చేరినది స్వల్పము. అమెరికా దేశమున బీదల పేటలకు దగ్గరగా పెద్ద అంగళ్ళు లేకపోవుటచే వారి తిండి చెడుచున్నదని చాలకాలము తలచిరి. 2019లో అచటి ఆర్థిక శాస్త్రజ్ఞులు వెలువరించిన పరిశోధనలో, ధనికులకు దొరకు సరకులు అవే ధరలకు బీదలకు దొరకినను భోజనములలోని భేదము పదింట ఒక పాలు మాత్రమే తగ్గునని తేలినది. మన దేశస్థితి వేరు. అచటి పేట యిచటి తండా కాదు. అయినను అందులో మనకొక ఎరుక కలదు. చేరువ యనునది అడుగులతో కొలుచునది మాత్రమే కాదు.

జొన్ననే తీసికొనుడు. బియ్యము కడిగి పొయ్యిమీద పెట్టిన అరగంటలో అన్నము. జొన్నకు గిర్ని కావలెను. గిర్నికి పోవుటకు తీరిక కావలెను. వేడినీళ్ళతో పిండి కలిపి, రొట్టె తట్టి, ఒక్కొక్కటిగా కాల్చవలెను. ప్రొద్దు క్రుంకిన పిదప కూలి నుండి వచ్చిన ఇల్లాలికి ఆ ఓపిక ఉండునా? క్రొత్త కోడండ్రకు రొట్టె తట్టు నేర్పును తగ్గిపోవుచున్నది. కొర్రలు, సామలు దంచి పొట్టు తీయువారు లేరు. "మా అవ్వ చేసేది, మాకు రాదు" అను మాట పల్లెలలో వినబడుచున్నది. కనుక జొన్నలు రేషనులో పోసినంతనే రొట్టె కాలదు; గిర్ని, తీరిక, నేర్పు కూడ కావలెను.

ఈ చిక్కును విప్పుటకు పూనుకొన్నవారు జహీరాబాదు ప్రాంతముననే కలరు. వారు విద్యావంతులైన అధికారులు కారు, నిరుపేద స్త్రీలు. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెంట పల్లెపల్లెను మహిళా సంఘములు వెలసినవి. వారిలో అధికులు దళిత స్త్రీలు. 1990ల నడుమ వారొక ఉపాయము చేసిరి. పడావు పడిన చెలకలను దున్నుకొనుటకు చిన్న రైతులకు అప్పిచ్చిరి. ఆ అప్పును పైకముగా గాక జొన్నలుగా తీర్చునట్లు కట్టడి చేసిరి. అట్లు వచ్చిన జొన్నలను ఊరిలోనే నిలువ చేసి, పని దొరకని వానకాలపు నెలలలో బీద ఇండ్లకు తక్కువ ధరకు అమ్మిరి. ఊరిలో ఎవరు ఎంత బీదవారో ఆ స్త్రీలే కూర్చుండి నిర్ణయించిరి. ధాన్యము అదే నేలలో పండినది, అదే ఊరిలో నిలిచినది, అదే వీధిలో పంచబడినది. 2019లో ఈ సంఘములకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది. ఏటేటా ఎడ్లబండ్లపై విత్తనములనుంచి ఊరూర సాగించు పాతపంటల జాతరను మీలో కొందరు చూచియుందురు. పొరుగునున్న కర్ణాటక రాష్ట్రమున దక్షిణ జిల్లాలలో రాగులను, ఉత్తర జిల్లాలలో జొన్నలను రైతుల నుండి కొని రేషనులో పంచు పద్ధతి కలదు. 2013 చట్టమే బియ్యము, గోధుమలతో పాటు చిరుధాన్యములను పేర్కొన్నది. కనుక ఇది జరుగరాని పని కాదు.

ఆయ్దక్కి లక్కమ్మ కథను ఇక్కడ స్మరింపవలెను. కల్యాణములో ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, దానితో జంగమ దాసోహము చేయు కాయకము గలవాడు. ఒకనాడు మామూలు కంటె ఎక్కువ గింజలు దొరకగా మూటగట్టి తెచ్చినాడు. లక్కమ్మ చూచి, మనకు కావలసినది ఇంతే, మిగిలినది తీసికొనిపోయి ఎక్కడిది అక్కడనే పోసిరండని భర్తను వెనుకకు పంపినది. దీనిని మనము నిరాశకు, అపరిగ్రహమునకు దృష్టాంతముగా చెప్పుదుము. నాకు అందులో మరియొకటి కనబడును. తన వంటింటి కొలత లక్కమ్మకు తెలియును. ఎంత కావలెనో, ఏది కావలెనో ఆమెకు తెలిసినట్లు ధాన్యము పోయువానికి తెలియలేదు. బీదల ఇంటికి ఇంకొక కిలో, ఇంకొక కిలో యని బియ్యము పెంచుటయే దానమని తలచు మనము, ఆ ఇంటి లక్కమ్మను ఒక్కమారైనను అడిగితిమా? జహీరాబాదు సంఘములవారు చేసినది అడుగుటయే.

ఇక మన సంగతి. ఈ పత్రికను చదువువారిలో ఎందరో కిరాణా వర్తకులు. మీ కాయకము కొట్టు నడుపుటయే. మీ కొట్టు అరలో మీరేది ఉంచుదురో అది చుట్టుప్రక్కల నూరిండ్ల బిడ్డల ఎముకలలో చేరును. ఇట్లనుట మీపై భారము మోపుటకు కాదు. మీ పని ఎంత గొప్పదో చెప్పుటకు. నష్టపడి వ్యాపారము చేయుమని శరణులు ఎన్నడును చెప్పలేదు. కాని వ్రేలాడు పొట్లముల దండ స్థానమున పల్లీలు, పుట్నాలు, బెల్లపు ఉండలు చిన్న పొట్లములుగా కట్టి వ్రేలాడదీయుటకు ఏమి అడ్డు? అవియు త్వరగా చెడునవి కావు. పావుకిలో పప్పుకు కిలో ధరలో సరిగా నాలుగవ వంతే తీసికొనుట సదాచారము కాదా? అప్పు ఇచ్చు అధికారము మీ చేతిలో ఉన్నది: పప్పునకు, పాలకు ఖాతా వ్రాయుడు; రంగునీళ్ళకు రొక్కము అడుగుడు. ఊరిలో ఆకుకూర పండించు ముసలమ్మ ఎవరైనను ఉన్నచో వారమున రెండు ఉదయములు మీ అరుగుపై గంప దించుకొననిండు. ఆమెకు సంత దూరము తప్పును, వీధికి నాలుగవనాటి కూర దొరకును, మీకు గిరాకి వచ్చును. ఇందులో నష్టపడువారెవ్వరు?

మఠములకును ఒక విన్నపము. దాసోహము మన మతమునకు ప్రాణము. తుమకూరు సిద్ధగంగా మఠమున 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారు వేలాది బిడ్డలకు కులభేదము లేక అన్నము, విద్య ఒసగిన తీరు లోకమెరిగినది. అచటి పంక్తిలో రాగిముద్దయు ఉండును. అది అచటి నేల తిండి. మన జాతరలలో మాత్రము తెల్లని అన్నము, బూందీ, వంకాయ కూరయే దాసోహమని స్థిరపడినది. జొన్నరొట్టె పెట్టినచో పరువు తక్కువయని కొందరు కమిటీ పెద్దలు తలచుచున్నారని విందును. చెన్నయ్య అంబలిని కొనియాడి, పంక్తిలో అంబలి పెట్టుటకు సిగ్గుపడుట ఏమి వింత! ఊరి పెద్దలు జాతరలో రొట్టె తిన్ననాడు కోడలు దానిని నేర్చుకొనుటకు చిన్నతనపడదు.

జాతర ఒక్కనాటిది. మఠమునకు భూములున్నవి, గోదాములున్నవి, మఠము మాటను నమ్ము రైతులున్నారు. కోతల వేళ కందులు, శనగలు, జొన్నలు న్యాయమైన ధరకు కొని నిలువ చేసి, ఆషాఢ శ్రావణములలో ధర ఎగబ్రాకునపుడు కొన్న ధరకే బీద ఇండ్లకు అమ్మవచ్చును. ఉచితముగా పంచుమని నేను అనుట లేదు. కొనుక్కొని తినుటలో కాయకజీవికి ఒక గౌరవము కలదు. లక్కమ్మ వెనుకకు పంపిన మూట ఆ గౌరవమునే చెప్పుచున్నది. ఎవరికి ముందు, ఎవరికి ఎంత అనునది ఆ ఊరి స్త్రీలు తేల్చవలెను; కమిటీలోని పురుషులు తూకము చూచిన చాలును.

గిర్ని లేని పల్లెలు మీ మఠ పరిధిలో ఎన్ని కలవో, కూరగాయల సంత ఎన్ని క్రోసుల దూరముననున్నదో, ఏ తండాకు ఒక్క కొట్టే దిక్కో, ఒక చిట్టా వ్రాయించుడు. రెండు దినముల పని. యువకులు ద్విచక్ర వాహనములపై తిరిగి వ్రాసికొని రాగలరు. బసవ జయంతి నాటి సభలో దానిని చదివించి, మొట్టమొదట ఏ ఊరికి గిర్ని పెట్టవలెనో అచటనే నిర్ణయింపుడు.